మసక చేయడమే వచ్చు

మార్చి 6, 2007. వనపర్తి

స్టూడియో తెరిచాను. చిన్ని పోయాక ఇదే మొదలు. ఎవరిదో పెళ్లి ఆల్బం మధ్యలో ఆగి ఉంది. పెళ్లికూతురు తేటగా కనబడాలి, వెనక కుర్చీలు, విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లు మసకబారాలి. ఆమె చుట్టూ మౌస్‌తో గీత గీసి మిగతాదంతా బ్లర్ చేశాను. బిడ్డ పోయినా చేతులు పని మరవలేదు. సిగ్గేసింది.

మార్చి 8

రాత్రి అన్నం పెడుతూ పద్మ అడిగింది. "పాప ఫోటో ఒక్కటన్న లేదా మీ కాడ?"

లేదు. అమ్మ మాట — "పుట్టెంటికలు తియ్యకముందు ఫోటో గీటో వద్దు బిడ్డా, దిష్టి తగుల్తది." ఉగాది పోయాక వెంట్రుకలు తీయిద్దామనుకున్నాం. జ్వరం అంతదాకా ఆగలేదు... ఊళ్లో పిల్లలందరి ఫోటోలూ నా దగ్గరున్నాయి. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టుంది నా బతుకు.

మార్చి 11

దొరికింది! తెలకపల్లిలో మరదలి పెళ్లి. పనికిరాదని పక్కన పెట్టిన గ్రూపు ఫోటో. మిగతా వాటిలో పద్మ పాపను కొంగుతో కప్పేసింది. ఇందులో కొంగు జారింది. చిన్ని సరిగ్గా అప్పుడే తల తిప్పింది — మొహమంతా అలుక్కుపోయింది. అయినా చిన్నే.

పద్మకు ఇంకా చెప్పలేదు.

మార్చి 12

మొహం తేటపడుతుందేమోనని షార్పెన్ చేశాను. మళ్లీ చేశాను. బుగ్గల నిండా గరుకు చుక్కలు. మసక చేయడం చిటికెలో పని, తీయడం ఎవడి తరమూ కాదు. కెమెరా చూడనిది కంప్యూటర్ ఎక్కణ్నుంచి తెస్తుంది? థూ, ఏం పని నేర్చుకున్నాను!

మార్చి 14

ఏమీ చేయలేదు.

మార్చి 15

ఒక ఉపాయం తోచింది. చుట్టూ ఉన్నవాళ్లను ఇంకా మసక చేస్తే, వాళ్ల నడుమ పాప కాస్త తేటగా అనిపిస్తుంది. పెళ్లికొడుకును చేశాను, మరదలిని చేశాను, అమ్మను చేశాను. ఇక పద్మ మొహం మిగిలింది, పాప నెత్తిమీదే. చివరికి అదీ చేశాను. షట్టర్ దించుకుని ఏడ్చాను.

మార్చి 16

ప్రింటు చేతిలో పెట్టాను. పద్మ తన మొహం ఏమైందని అడగనే లేదు. వేలితో పాప బుగ్గ తడుముతోంది. "గిదే... గిదే నా బిడ్డ." నాకు ఊపిరొచ్చింది.

కాసేపటికి కిటికీ దగ్గరికి పట్టుకెళ్లింది. వెలుగులో అటూ ఇటూ తిప్పింది.

"జర పెద్దగ తియ్యరాదుండ్రి? కండ్లు సక్కగ కనబడ్తలేవు."

పెద్దది చేసిన కొద్దీ ఉన్న కళ్లు కూడా పోతాయి. రేపు తెస్తానన్నాను.