ఎడమవైపు బొత్తాలు

ప్రియమైన బావకు,

"రేపు తొమ్మిది కొట్టేసరికి మీ షాపు గుమ్మంలో ఉంటాను. ఇది నా చేతి పొరపాటని నా నోటితోనే చెప్తాను. నీ ఒంటిమీద ఈగ వాలనివ్వను." ఈ మాటలు నువ్వన్నవే. కుట్టుమిషను మీంచి కాలు తియ్యకుండా, పళ్ళ మధ్య గుండుసూదులు పట్టుకుని అన్నావు. నలభై ఒక్క ఏళ్ళు గడిచాయి. తొమ్మిది కొట్టింది, తొమ్మిదిన్నర కొట్టింది, ఆ తరవాత నన్ను కొట్టారు. నువ్వు రాలేదు.

ఇన్నేళ్ళూ రాయనివాణ్ణి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నాకు మిగిలిన ఒక్క కన్నూ మూతపడబోతోంది. మొన్న కళ్ళ డాక్టరు దీపం పెట్టి చూసి, "ఈ ఏడాది గడవడం కష్టం పెద్దాయనా, చదవాల్సినవేమన్నా ఉంటే చదివేసుకోండి" అన్నాడు. చదవాల్సినవన్నీ ఏనాడో చదివేశాను. జైల్లో ఉన్న చరిత్రలూ వైద్య గ్రంథాలూ అయిపోయాక నిఘంటువు మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివినవాణ్ణి. చదవకుండా మిగిలింది నీ జవాబొక్కటే. ఎందుకు రాలేదు? అది నా కంటితో నేనే చదువుకోవాలి. ఇంకొకడు చదివి వినిపించేది నాకక్కర్లేదు.

జ్ఞాపకం లేదని తప్పించుకుంటావేమో, అందుకని మొత్తం రాస్తున్నాను.

మాది నాలుగంతస్తుల మగవాళ్ళ బట్టల షాపు. రోజూ తొమ్మిదికి పనివాళ్ళందరం వరసలో నిలబడాలి. మేనేజరు ఆరంగుళాల ఇనుప స్కేలు పట్టుకుని వరస పొడవునా నడిచేవాడు. అందుకే వెనకాల స్కేలుబద్ద అనేవాళ్ళం. చెంపల మీది జుట్టు చెవి మధ్య దాటి కిందికి దిగకూడదు. మీసం పెదవి చివర దగ్గర ఆగిపోవాలి. జుట్టుకీ కాలరుకీ మధ్య రెండు వేళ్ళ సందుండాలి, ఆ వేళ్ళు కూడా ఆయనవే, అరటి గెలలోంచి కోసినట్టుండేవి. "నలిగినవాడు మగాడు కాదురా" అనేవాడు. ఒకసారి సరుకు కట్టే మనిషి మీసం నూలుపోగంత పొడుగుందని, అక్కడికక్కడే నీళ్ళయినా తడపకుండా పొడి బ్లేడు పెట్టి సగం గీసేశాడు. పెదవి తెగింది. మిగిలిన సగం మీసంతో, రక్తం గడ్డకట్టిన మూతితో ఆ మనిషి సాయంత్రం దాకా పని చేశాడు. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నా సంగతి నీకు తెలుసు కదా. సోకులరాయుడని మీ చెల్లెళ్ళే వెక్కిరించేవారు. కానీ షాపులో రూలు ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడిదాకా వచ్చి నా చెంపల జుట్టు ఆగేది. నా స్వాతంత్ర్యం అంతే, స్కేలు మీద ఒక్క గీత.

నన్ను కోట్లు అమ్మే అంతస్తుకి మార్చినప్పుడు లేత నీలం గుడ్డ తెచ్చి చొక్కా కుట్టమని నీకిచ్చాను. రెండువైపులా ఒకేలా ఉండే బట్ట. ఆ వారమంతా నువ్వు ఆడవాళ్ళ కోట్లు కుడుతున్నావు. చెయ్యి అలవాటున పోయి, ముందుముక్కలు అటుదిటు చేసి, ఆడవాళ్ళకి వేసినట్టే కాజాల పట్టీ కుడివైపు వేశావు, బొత్తాలు ఎడమవైపు పడ్డాయి. కాజా కోసిన చొక్కాకి మందు లేదు. బొత్తమైతే పీకి మళ్ళీ కుట్టచ్చు, కోసిన చిల్లిని ఏం చేస్తాం? తీరా తొడుక్కునేటప్పుడు చూశాను. ఇంకో చొక్కా ఆరలేదు. ఎవడు చూస్తాడులే అనుకున్నాను.

స్కేలుబద్ద చూశాడు.

"ఏంట్రోయ్, మీ ఆవిడ చొక్కా తొడుక్కొచ్చావా?"

"నాకింకా పెళ్ళి కాలేదు సార్."

"మరి ఎవరింట్లోంచి వస్తున్నావురా పొద్దున్నే?"

వరసంతా ఘొల్లుమంది. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అని ఊరికే అన్నారా? కుట్టినవాడి పొరపాటన్నాను. "అయితే రేపు ఇదే చొక్కాతో రా. వాణ్ణీ తీసుకురా. వాడు అందరి ముందూ పొరపాటని చెప్తే సరే. లేకపోతే నువ్వు మగాడివో కాదో నేనే చూస్తా" అన్నాడు. ఆ సాయంత్రమే నువ్వు నాకు మాటిచ్చింది.

మర్నాడు తొమ్మిదిన్నర దాకా నన్ను వరస ముందు నిలబెట్టాడు. "కుట్టినవాడేడి?" అన్నాడు. నేనేదో అన్నాను, అది వదిలెయ్. బట్ట కొలిచే ఇనుప కడ్డీ తీశాడు. మొదటి దెబ్బకి కాలరెముక విరిగింది. ఎముక విరిగితే పుల్ల విరిగినట్టు వినపడదు బావా, తడి తాడు తెగినట్టుంటుంది. క్యాషియరు ఒక రెక్క, కోట్ల మాస్టరు ఒక రెక్క పట్టుకున్నారు. కత్తెర పెట్టి బొత్తాలు ఒక్కొక్కటే కత్తిరించాడు, బొత్తంతో పాటు చర్మం వచ్చినా ఆపలేదు. ఆరో బొత్తం అయ్యాక నేను ఆయన మొహాన ఉమ్మేశాను. అప్పుడు కడ్డీ కొసతో ఎడమ కంట్లో పొడిచాడు. వెచ్చగా ఏదో చెంప మీదికి జారింది. చెమటనుకున్నాను.

రక్తం చూసి క్యాషియరు చెయ్యి వదిలాడు. బల్ల మీద కత్తెర ఉంది. బల్లకి ఆనించి ఉన్న, స్కేలు పట్టే చేతిని చూసుకుని మరీ పొడిచాను. అరచేతిలోంచి దూరి, కింది చెక్కలో దిగింది. కత్తెర మీద నా బరువంతా వేసి నిలబడ్డాను. ఆయన అరిచిన అరుపు ఇప్పటికీ వినపడుతుంది, అబద్ధమెందుకు, ఇష్టంగానే వింటాను. దానికి మూడేళ్ళు జైలు.

గుడ్డికన్ను మూసినా తెరిచినా ఒకటే అంటారు. నా గుడ్డికన్ను మాత్రం ఎప్పుడూ ఆ గుమ్మం వంకే చూస్తూ ఉంటుంది. అందులో నువ్వు కనపడవు.

జవాబు రాయి. పెద్ద అక్షరాలతో రాయి.

నీ బావమరిది


అన్నయ్యకు,

నీ చెల్లెలు రాస్తోంది. మీ బావ చేతులు వణుకుతున్నాయి, కలం నిలవదు. ఆయన చెప్తుంటే కొంత, నా కడుపుమంట కొద్దీ కొంత రాస్తున్నాను. నీ కన్ను బాగా లేదన్నావుగా, తాటికాయలంత అక్షరాలు చేశాను. తరవాత కనపడలేదని అనకు.

ముందు నా మాట. మూడేళ్ళ పాటు నెల తప్పకుండా జైలు గుమ్మానికి వచ్చాం. వచ్చినప్పుడల్లా లోపలికెళ్ళిన వార్డరు బయటికొచ్చి, "ఆయన కలవనంటున్నాడమ్మా" అనేవాడు. విడుదలైన రోజు పొద్దున్నుంచీ గేటు ముందు నిలబడితే, నువ్వు వెనక గేట్లోంచి వెళ్ళిపోయావని సాయంత్రం చెప్పారు. ఏ ఊరెళ్ళావో, ఏం తిన్నావో, ఏం పని చేశావో నలభై ఏళ్ళు తెలీదు. ఇప్పుడేమో అక్షరాలు కూడా నీ కొలతకే ఉండాలి. బావుంది వరస.

ఇక ఆయన మాట. ఆయన వచ్చారన్నయ్యా. తొమ్మిదింటికే వచ్చారు. మెళ్ళో టేపు కూడా తియ్యకుండా పరుగెత్తుకొచ్చారు. గుమ్మం బయట అద్దం వెనకాల, కోట్లు తొడిగిన రెండు బొమ్మల మధ్య నిలబడి ధైర్యం కూడదీసుకుంటున్నారు. ఆ ధైర్యానికి అరగంట పట్టింది, అది మాత్రం ఆయన తప్పే, ఒప్పుకుంటున్నారు. తలుపు తోసేసరికి నీ గొంతు వినపడింది.

"పొరపాటు కాదు. నేనే అలా కుట్టించుకున్నాను. నాకిలాగే బావుంటుంది."

నువ్వు ఏదో అన్నానని రాశావే, అది ఈ మాట. ఇది విన్నాక, "కాదు సార్, పొరపాటే" అని ఈయన లోపలికొచ్చి ఎలా చెప్పగలరు? అంతమంది ముందు నిన్ను అబద్ధాలకోరుని చెయ్యాలా? తెరిచిన తలుపు మళ్ళీ మూశారు. ఆలోపు కాపలావాడు గిరాకీలు చూడకూడదని షట్టరు దించేశాడు. అరుపులు విని షట్టరు బాదానంటారు. ఎంతసేపు బాదారని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే నిజం చెప్తారని భయం.

ఇంటికొచ్చి ఆ రోజు ఒక్క మాటన్నారు. "మీ అన్న ఆడింది అబద్ధమే. కానీ ఆ అబద్ధంలో వాడు నా కొలతలకి సరిపోలేదు, పెద్దవాడయిపోయాడు."

ఈ ఉత్తరంతో పొట్లం పంపుతున్నాను. లేత నీలం చొక్కా. నీ ఉత్తరం రాకముందే, చేతులు పూర్తిగా పడిపోయేలోగా కుట్టాలని నాలుగు నెలలుగా కుడుతున్నారు. సూదిలో దారం నేనెక్కించాను, అంతకు మించి నన్ను వేలు వెయ్యనివ్వలేదు. కాజాలు కుడివైపు, బొత్తాలు ఎడమవైపు. "ఈసారి పొరపాటు కాదని రాయి" అన్నారు. రాశాను.

నీ చెల్లెలు


ప్రియమైన బావకు,

ఉత్తరం నా కంటితోనే చదువుకున్నాను. రెండుసార్లు. చెల్లాయి చేతిరాత ఇప్పటికీ మనిషి మీదికి వచ్చేటట్టే ఉంది.

అవును, ఆ మాట అన్నాను. తొమ్మిదిన్నర కొట్టినా నువ్వు రాకపోతే, నీ మీద కసితోనే అన్నాను. నోటిలోంచి బయటికొచ్చాక వింటే నిజమనిపించింది. గుండె మీద అటుతిరిగి ఉన్న ఆ బొత్తాల పట్టీ, అద్దంలో నన్ను నేను చూసుకుంటున్నట్టుంది. మగాడి చొక్కా ఇటే ఎందుకు మూసుకోవాలని ఆ తరవాత ఎన్నో పుస్తకాలు వెతికాను. కత్తి దుయ్యడానికని ఒకడంటాడు, ఆడవాళ్ళకైతే నౌకర్లు తొడిగేవారని ఇంకొకడంటాడు. ఎవడికీ తెలీదు. తెలీని దానికోసం కళ్ళు పొడుస్తారు. ఆ మాటకీ మొదటి దెబ్బకీ మధ్య ఉన్న ఒక్క క్షణం, బావా, నా జీవితంలో నేను నాలా బతికిన క్షణం అదొక్కటే. దాన్ని దాచిపెట్టి నలభై ఏళ్ళు నీ పేరు చెప్పి ఏడ్చాను. నిన్ను తిట్టడం సుఖంగా ఉండేది.

నేనేం పని చేశానో తెలీదని చెల్లాయి రాసింది. అది చెప్తాను. చెప్పాక చొక్కా వెనక్కి అడిగినా అడుగుతారు.

ఈ ఊళ్ళో ఒక బట్టల షాపులో మొదట కాపలాకి చేరాను. యజమానికి నా ఒంటికన్ను తెగ నచ్చింది. "నీ చూపు తగిలితే ఒక్కడూ తలెత్తడోయ్" అన్నాడు. ఆరేళ్ళకి పనివాళ్ళ మీద పెత్తనం ఇచ్చాడు. మొదటి రోజే బజారుకెళ్ళి ఆరంగుళాల ఇనుప స్కేలు కొన్నాను. ఎవరూ కొనమనలేదు. వరస నేనే పెట్టించాను, తొమ్మిదికి. కొలిచాను బావా. చెంపలూ, మీసాలూ, గోళ్ళూ. నెల తిరక్కుండా నాకో పేరు పెట్టారు. మన ఊళ్ళోని మా మేనేజరు సంగతి వీళ్ళెవరికీ తెలీదు, అయినా అదే పేరు పెట్టారు. ఇనుప ముక్కకి ఇంకే పేరు పుడుతుంది?

నాకింద ముప్ఫై దాటిన సేల్సుమాన్ ఒకడుండేవాడు. మంచి పనిమంతుడు. ఒకరోజు ఎడమ చెవికి చిన్న రింగు పెట్టుకుని వచ్చాడు.

"ఇదేంటి?" అన్నాను.

"రింగండి."

"అది నాకూ కనపడుతోంది, కన్నొకటి ఉందిగా. ఎందుకు పెట్టావని అడుగుతున్నా."

"నాకిలాగే బావుంటుంది సార్."

నా మాట. అక్షరం పొల్లు పోకుండా నా మాట వాడి నోట్లో ఉంది. అది వింటే నేను ఆగాలి కదా, వాణ్ణి కౌగిలించుకోవాలి కదా. వేలు రింగులో పెట్టి కిందికి లాగాను. చెవి తమ్మె రెండుగా చీలింది. చొక్కా గుడ్డ చింపినప్పుడు వచ్చే చప్పుడే, కొంచెం మెత్తగా. రక్తం కాలరు మీద పడింది. "వెళ్ళి కాలరు మార్చుకుని రా, గిరాకీలొచ్చే వేళయింది" అన్నాను. వరసలో ఎవడో నవ్వాడు. వాడితో పాటు నేనూ నవ్వాను.

బల్ల మీద కత్తెర ఉంది. వాడి చేతికి అందేంత దగ్గరలో ఉంది. వాడు కత్తెర వంక చూశాడు, నా వంక చూశాడు. మెళ్ళో టేపు తీసి, మెల్లిగా చుట్టి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నా అరచెయ్యి ఆ క్షణం నుంచి కత్తెర కోసం ఎదురుచూస్తూనే ఉంది. ఇరవై ఆరేళ్ళు.

నువ్వు పంపిన చొక్కా తొడుక్కున్నాను. అలవాటు తప్పిన వేళ్ళు, ఎడమవైపు బొత్తం దొరకబుచ్చుకోవడానికే చాలాసేపు పట్టింది. ఒక్కటి పెట్టుకుని ఆగిపోయాను. కుట్టు ఎక్కడా వంకర లేదు. వణికే చేతులతో ఇంత తిన్నగా కుట్టావు, వణకని చేతులతో నేనేం చేశానో పైన రాశాను.

షట్టరు ఎంతసేపు బాదావో నాకూ అక్కర్లేదు. నిన్ను వదిలేశాను. క్యాషియరునీ, కోట్ల మాస్టరునీ వదిలేశాను. మా మేనేజరు అవిటి చేత్తో ఇంకెన్నాళ్ళు బతికాడో గానీ, ఆయన్నీ ఇవాళ్టితో వదిలేశాను. ఒకణ్ణి మాత్రం వదలను. కన్ను పూర్తిగా పోయినా వాడు నాకు కనపడుతూనే ఉంటాడు, రోజూ తొమ్మిదింటికి, వరస ముందు. వాడి పేరే సంతకం పెడుతున్నాను.

స్కేలుబద్ద