రెండో సంతకం

ఆదివారం సాయంత్రం

అక్కా,

రాకెట్లు ఎగరేసే చోట నాకెవరైనా స్నేహితులు దొరికారా అని పోయిన ఉత్తరంలో అడిగావు. దొరకలేదు. కానీ ఇవాళ రాస్తున్నది అందుకు కాదు. మధ్యాహ్నం నేను చేసిన పని నీకు చెప్పాలి. ఎవరికో ఒకరికి చెప్పకపోతే రేపు పనిలోకి వెళ్ళలేను.

నా పని నీకు తెలిసిందే. లైబ్రరీ వెనక గదిలో రోజంతా నేనూ, చిరిగిన పుస్తకాలూ. కొన్ని రోజులు పొద్దున వాచ్‌మన్‌తో అన్న ఒక్క మాట తప్ప సాయంత్రం దాకా నోరు విప్పే అవసరమే రాదు. కాగితమూ జిగురూ చేతికి అలవాటైనవే కదా అని కిందటేడు ఒక పుస్తకంలో చూసి చిన్న రాకెట్ చేశాను. కాగితపు గొట్టం, తేలిక చెక్క రెక్కలు, అడుగున వేలెడంత ఇంజను, లోపల మెల్లగా కిందికి దిగడానికి మడిచిన పారాషూట్, పైన చెక్క ముక్కు. ఇలాంటివి ఎగరేసేవాళ్ళు ఆదివారాలు ఊరి చివర మైదానంలో పదిమంది దాకా చేరతారని తెలిసి వెళ్ళాను. అది పైకి లేచే రెండు మూడు సెకన్లు అందరూ తలలు పైకెత్తి ఒక్క వైపే చూస్తారక్కా. నన్నెవరూ చూడరు. అయినా నేను వాళ్ళలో ఒకదాన్ని. ఆ రెండు మూడు సెకన్ల కోసమే ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి వెళ్తున్నాను.

అక్కడ ఒక నియమం ఉంది. ప్రతి రాకెట్‌కీ ఒక కార్డు. చేసినవాళ్ళు దాని మీద సంతకం పెడతారు. తర్వాత ఇంకొకరు రాకెట్‌ని చేతిలోకి తీసుకుని, రెక్కలు లాగి చూసి, ముక్కు ఊడదీసి లోపలికి తొంగిచూసి, రెండో సంతకం పెట్టాలి. రెండూ ఉంటేనే పళ్ళ డాక్టరమ్మ తాళంచెవి ఇస్తుంది. అక్కడ ఆవిడే పెద్ద. తాళంచెవి లేనిదే రాకెట్‌ని పైకి పంపే బటన్ పనిచేయదు. అంటే ప్రతిసారీ నేను ఎవరో ఒకరి దగ్గరికి నడిచివెళ్ళి ‘కొంచెం ఇది చూస్తారా?’ అనాలి. చిన్నప్పుడు చెప్పుల షాపులో నా కాలి కొలత కూడా నువ్వే చెప్పేదానివి. కాన్వెంట్‌లో అల్లరి చేయని పిల్లకిచ్చే నీలం రిబ్బను వరసగా నాలుగేళ్ళు నాకే వచ్చింది. ఆ మూడు మాటలు అనడం నాకెంత పనో నీకు వేరే చెప్పక్కర్లేదు.

మొదట్లో లిఫ్టు తాతగారు అడగకుండానే వచ్చి చూసేవారు. ఆయన నలభై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరయ్యారు. ‘ఏదీ, ఇలా తే అమ్మాయ్. మనుషులెక్కేది కాకపోయినా మనుషుల నెత్తిన పడేదే కదా’ అనేవారు. ఆయన సంతకమంటే ఒక నిలువు గీత, దాని మీద చుక్క. ఒకరోజు అంతా చూసి, పెన్ను తీయబోతుంటే ఎవరో పిలిచారని వెళ్ళిపోయారు. వెనక్కి పిలవడానికి నాకు నోరు రాలేదు. గీత గీసి చుక్క నేనే పెట్టాను. చూశారు కదా, అబద్ధమేముంది అనుకున్నాను. తర్వాతి వారం ఆయన చూడకుండానే పెట్టాను. అలా అయిదు వారాలు గడిచాయి.

ఇవాళ బేకరీ ఆయన పెద్ద ఫ్లాస్కు తెచ్చి అందరినీ టీకి పిలుస్తున్నాడు. నన్నూ పిలుస్తాడు, వెళ్తే ఏదో ఒకటి మాట్లాడాలి. అందుకని ఆదరాబాదరాగా రాకెట్ సర్ది, గీతా చుక్కా పెట్టేసి, తాళంచెవి తీసుకున్నాను. పారాషూట్ కింద మంట అంటుకోని కాగితం ఉండలు పెట్టడం మర్చిపోయాను. రాకెట్ పైకి చేరాక ఇంజను ఒకసారి గొట్టం లోపలికి మంట ఊదుతుంది. ఆ ఊపుకి పారాషూట్ బయటికి రావాలి. మధ్యలో ఆ ఉండలుంటే దానికి మంట తగలదు. లేకపోతే కరిగి ముద్దయిపోతుంది. అదే అయింది. రాకెట్ విసిరిన కర్రలా సూటిగా దిగి, బేకరీ ఆయన కాలికి జానెడు దూరంలో నేలలో దిగబడింది.

‘ఇంకో అడుగు ముందుంటే రేపట్నుంచి ఒంటికాలి మీద రొట్టెలు కాల్చేవాణ్ణి’ అన్నాడాయన. ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ కార్డు తీసింది.

‘తాతగారూ, ఇది మీ సంతకమేనా?’

తాతగారు కార్డుని చాలాసేపు చూశారు. తర్వాత నన్ను చూశారు. ‘నాదే’ అన్నారు. ‘నేనే చూసుంటానమ్మా. మరి ఉండలు లేకపోతే ఎలా వదిలేశానో... గుర్తు రావడం లేదు. ఈ మధ్య ఇలాగే అవుతోంది.’

ఇంకెవరి రాకెట్లూ తను చూడనని చెప్పి, బ్యాగు భుజానేసుకుని బస్‌స్టాప్ వైపు వెళ్ళిపోయారు. అంత దూరమూ తల దించుకునే నడిచారు. నేను అక్కడే ఉన్నాను. నా చేతిలో తాళంచెవి ఉంది. నేనొక్క మాట కూడా అనలేదు.

నీ చిన్ని

* * *

బుధవారం

అక్కా,

నీ ఉత్తరం అందింది. ‘డాక్టరమ్మ నంబరు పంపు. నేను ఫోన్ చేసి అంతా చెప్తాను, నువ్వు కంగారుపడకు’ అని రాశావు. చదవగానే ప్రాణం లేచొచ్చింది. నంబరు రాసి కవర్లో కూడా పెట్టాను. తర్వాత తీసి చింపేశాను. కోపం తెచ్చుకోకు. ఆయన చేత్తో పెట్టాల్సిన సంతకం నేను పెట్టాను. ఇప్పుడు నా నోటితో చెప్పాల్సిన మాట నీ చేత చెప్పిస్తే, అదీ ఇదీ ఒకటే కదా.

మొన్న ఆదివారం తాతగారు మైదానానికి రాలేదు. వాళ్ళ వీధిలోనే ఉండే బేకరీ ఆయన చెప్పాడు. ‘పొయ్యి ఆర్పానో లేదోనని పదిసార్లు వంటింట్లోకి వెళ్ళి చూసుకుంటున్నారట. ఏ స్టాపులో దిగాలో మర్చిపోతానని బస్సెక్కడం మానేశారు. ఆ సంతకం దెబ్బకి మనిషి సగమైపోయాడంటోంది కూతురు’ అన్నాడు. అందరూ ‘అయ్యో’ అన్నారు. నేనూ అన్నానక్కా. అందరితో పాటు, అందరంత సులువుగా. ఇన్ని నెలల్లో అక్కడ నేను అందరితో కలిసి అన్న మాట అదొక్కటే.

నోటితో చెప్పలేనని తెలుసు. అందుకని మూడు పేజీలు రాశాను. నిన్న పని అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను, తలుపు కింద నుంచి తోసి వచ్చేద్దామని. నేనిలా వంగగానే తలుపు తెరుచుకుంది.

‘ఎవరూ, రాకెట్ల అమ్మాయా! కిందేం పడేసుకున్నావు?’

కవరు చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశారు. ‘నా కళ్ళజోడు కూతురు బాగుచేయించడానికి పట్టుకెళ్ళింది. నువ్వే చదివి పెట్టు తల్లీ. కూర్చో.’

ఇస్త్రీ బట్టలు పేర్చి ఉన్న కుర్చీ చూపించారు. బట్టలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని చదివాను. క్లాసులో లేపి చదవమన్నప్పుడు నా గొంతు ఎలా సన్నగిల్లిపోయేదో గుర్తుందా? అలాగే అయింది. ‘మీ సంతకం నేనే పెట్టాను’ అన్న చోట ఆగిపోయాను.

‘అది మళ్ళీ చదువు.’

మళ్ళీ చదివాను.

‘నువ్వు పెట్టావా? మరి అప్పుడు నేనెక్కడున్నాను?’

‘కంచె దగ్గర. బన్ను తింటున్నారు. అందులో ఎండుద్రాక్ష ఏరి పక్కన పెడుతున్నారు.’

ఆయన లేచి నిలబడ్డారు. ‘నాకూ అదే గుర్తుంది. సరిగ్గా అదే! కంచె గుర్తుంది, బన్ను గుర్తుంది. నీ రాకెట్ పట్టుకున్నట్టు మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. అది మర్చిపోయానని తొమ్మిది రోజులుగా చస్తున్నాను. నా బుర్రలో ఉన్నది నిజమేనే! దాన్ని కాదని నీ కార్డుని నమ్మాను.’

నేనేదో అనబోయాను. ఆయన చెయ్యి ఎత్తి వద్దన్నారు.

‘వెళ్ళు తల్లీ. నిన్ను చూస్తూ ఇంకాసేపుంటే ఏమంటానో నాకే తెలీదు. వెళ్ళు.’

ఆ ‘తల్లీ’ అలవాటు కొద్దీ వచ్చిందే. అందులో దయ లేదు. బట్టలు కుర్చీ మీద పెట్టి వచ్చేశాను. దారిపొడవునా అనుకుంటూనే ఉన్నాను, ఆయనకి ఇక బెంగ ఉండదు కదా, ఎంత కోపమైనా నా మీదే కదా అని. ఈ ఆదివారం మైదానంలో అందరికీ చెప్పాలి. కాగితం తీసుకెళ్ళను. కాగితం ఉంటే దాని వెనక దాక్కుంటాను.

నీ చిన్ని

* * *

సోమవారం

అక్కా,

నీ రెండు ఉత్తరాలకీ జవాబివ్వలేదు. అలిగాననుకోకు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఏడు వారాలు గడిచాయి.

మైదానంలో చెప్పాను. నాలుగు వాక్యాలు. నాలుగోది సగంలో ఆగిపోయింది, అప్పటికే అందరికీ అర్థమైంది. మూడు నెలలు నేను ఏదీ ఎగరేయకూడదంది డాక్టరమ్మ. రావచ్చు, దూరంగా పడ్డ రాకెట్లు వెతికి తేవచ్చు. బేకరీ ఆయన నా చేతికి టీ ఇచ్చి వెళ్ళిపోయాడు. నేను వాళ్ళ టీ తప్పించుకోవడానికి ఎంత చేశానో! ఇప్పుడు ఎవరూ నన్ను మాట్లాడించడం లేదు. మోకాలెత్తు గడ్డిలో ఒక్కదాన్నే తిరుగుతుంటాను. వెనక ఎక్కడో అందరూ కలిసి అంకెలు లెక్కపెడతారు, సున్నా దగ్గర కేక వేస్తారు. పైన పారాషూట్ విచ్చుకున్నాక అది వాలే వైపు పరిగెత్తుతాను.

ఆ తర్వాతి ఆదివారం తాతగారు కూతురి చెయ్యి పట్టుకుని వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. నన్ను చూసి లేచి నా దగ్గరికే నడిచి వచ్చారు. తిడతారనుకుని నిలబడ్డాను.

‘అమ్మాయ్, నీ రాకెట్ నా వల్లే పాడైంది. ఉండలు చూసుకోకుండా సంతకం పెట్టేశాను. ముసలాణ్ణి, ఏమనుకోకు’ అన్నారు.

ఎత్తిపొడుస్తున్నారేమో అని ఆయన మొహం చూశాను. కాదు. నిజంగానే క్షమించమంటున్నారు.

కూతురు నన్ను పక్కకి పిలిచింది. ‘ఏడాదిగా ఇలాగే ఉందండీ. డాక్టర్లకి చూపిస్తున్నాం. కొన్ని నిలుస్తాయి, కొన్ని జారిపోతాయి. మీరు ఇంటికొచ్చి చెప్పింది నాకు ఆ రాత్రే చెప్పారు, బాగా కోప్పడ్డారు. నాలుగు రోజులకి అది పోయింది. ఇక్కడ అందరి ముందూ తలవంపులైంది మాత్రం పోవడం లేదు.’

‘నా కార్డు వల్లే ఎక్కువైందా?’ అని అడిగాను.

‘లేదండీ’ అంది. కొంచెం ఆగి అంది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, ‘మళ్ళీ చెప్పి మీరెందుకు తిట్లు తినడం? ఎలాగూ ఆయన దగ్గర నిలవదు. వదిలేయండి’ అంది. మంచి మనిషి. నా మేలు కోరే అంది.

వదిలేయొచ్చు, అక్కా. ఎవరూ నన్ను ఏమీ అనరు. మైదానంలో అందరికీ నిజం తెలుసు. తెలియనిది ఆయనొక్కరికే.

వెళ్ళి ఆయన పక్కన బెంచీ మీద కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. మొదటిసారి కోప్పడినంతా మళ్ళీ కోప్పడ్డారు, ఒక్క మాటా తగ్గలేదు. ఆ పై వారం మళ్ళీ వచ్చి క్షమించమన్నారు. మళ్ళీ చెప్పాను. ఈసారి పడీ పడీ నవ్వారు. ‘నలభై ఏళ్ళ సంతకం, గీతా చుక్కాలో కొట్టేశావటే!’ అని బేకరీ ఆయన్ని కూడా పిలిచి చెప్పారు. అబ్బ, క్షమించేశారు అనుకుని ఇంటికొచ్చాను. ఆ తర్వాతి వారం ఏమీ అనలేదు, నా వైపు తిరగకుండా అటు చూస్తూ కూర్చున్నారు. ఇంకో వారం ఏడ్చారు. ఏ వారం ఏమవుతుందో నాకు తెలియదు. ఆయన నవ్విన రోజు నవ్వు నా దగ్గర పెట్టుకోవడానికి లేదు, వచ్చే వారం అది ఆయనకే గుర్తుండదు. మొదట్లో గొంతు ఆగిపోయేది. ఇప్పుడు ఆగనివ్వడం లేదు. ఆగితే ఆ కాసేపూ తప్పు తనదే అనుకుంటారు.

నిన్న ఎండగా ఉంది, గాలి లేదు. ఎగరేయడానికి మంచి రోజు. తాతగారు దూరం నుంచే నన్ను గుర్తుపట్టారు. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి లేచారు. ఆ మొహం చూడగానే నాకు తెలిసిపోయింది. గడ్డిలోంచి ఏరి తెచ్చిన రాకెట్ బల్ల మీద పెట్టి, ఆయన నోరు తెరిచేలోపు నేనే ఎదురెళ్ళాను.

‘కూర్చోండి తాతగారూ. మీరు నా రాకెట్‌ని చూడనే లేదు. చూశారని నేను రాశాను’ అన్నాను.

నీ చిన్ని