పెద్ద, చిన్న తీసేశాను

7 జనవరి 2002, సోమవారం

గది 21 డిగ్రీలు. యూపీఎస్ సరిగా ఉంది. బ్యాకప్‌కు సోమవారం టేపు పెట్టాను.

కొత్త డైరీ. నన్ను పనికి పెట్టిన ఏజెన్సీ వాళ్లు ఇచ్చారు. ఆఫీసు లాగ్‌బుక్‌లో రాసేదే ఇందులోనూ రాస్తాను. ఆ పైన ఏమైనా మిగిలితే అదీ రాస్తాను. మామూలుగా మిగలదు.

12 జనవరి, శనివారం

గది 22.

భుజంగరావు సార్ పిలిచారు. మా చేనేత శాఖ డెప్యూటీ డైరెక్టర్. నేతగాళ్ల నూలు కార్డులు నలభై వేలు దాటాయి, మగ్గాలు అన్ని లేవు, పైనుంచి అడుగుతున్నారు, నకలి కార్డులు ఏరిపారెయ్యి లింగన్నా అన్నారు. మా ఆఫీసు భాష కన్నడం. అందులో నకలి అంటే దొంగది. తెలుగులో నకలు అంటే కాపీ. నేను రోజూ టేపు మీదికి తీసేదీ నకలే.

కార్డుల ప్రోగ్రామ్ రాసిన కంపెనీ కాంట్రాక్ట్ అయిపోయి వెళ్లిపోయింది. కాబట్టి ఈ పని నాకు వచ్చింది. నేను ఈ బిల్డింగ్‌కి ఏసీ మెకానిక్‌గా వచ్చాను, తొంభై ఆరులో. మిషన్ రూమును చల్లగా ఉంచడం నా పని. చల్లగా ఉంచుతూ అక్కడే కూర్చుని మాన్యువల్స్ చదివాను. ఇప్పుడు అందరూ సిస్టమ్ సపోర్ట్ అంటారు. ఏజెన్సీ కాగితాల్లో ఇంకా ఏసీ మెకానిక్ అనే ఉంది.

16 జనవరి, బుధవారం

గది 21.

నాలుగు రోజులుగా పేర్లు చూస్తున్నాను. ఇవాళ దొరికింది. ఆనేకల్‌లో ఒకే వీధిలో దొడ్డమునియప్ప అని ఒక కార్డు, పెద్దమునియప్ప అని ఇంకో కార్డు. తండ్రి పేరు ఒకటే. దొడ్డ అంటే కన్నడంలో పెద్ద. మనిషి ఒకడే. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం. ఒక సర్వేలో ఆఫీసు పేరు చెప్పాడు, ఇంకో సర్వేలో ఇంట్లో పిలిచే పేరు చెప్పాడు. చిక్క అన్నా చిన్న అన్నా అంతే. కన్నడం ఒక్కటే తెలిసినవాళ్లకు ఇది కనిపించదు. రెండు భాషలూ నడిచే మడకశిరలో పుట్టినవాడికి కనిపిస్తుంది.

సంతోషం వేసింది.

19 జనవరి, శనివారం

గది 21. ఏసీ ఫిల్టర్ కడిగాను.

క్వెరీ నడిపాను. పేరు ముందున్న పెద్ద, దొడ్డ, చిన్న, చిక్క, నడిపి అన్నీ తీసేయమన్నాను. మిగిలిన పేరు, తండ్రి పేరు, వీధి మూడూ కలిస్తే ఒకే మనిషిగా తీసుకోమన్నాను. పదకొండు వందల అరవై మూడు దొరికాయి. ముందు ఇచ్చిన కార్డు ఉంచి, తర్వాతి కార్డు రద్దు చేశాను. లిస్టు శుభ్రంగా ఉంటుందని పేర్ల ముందు మాటలు కూడా తుడిచేశాను.

21 జనవరి, సోమవారం

గది 22.

సార్ కాఫీ తెప్పించారు. నా పేరు పర్మనెంట్ ఫైలులో పెడతానన్నారు. ఆరేళ్లలో ఆ మాట వినడం ఇదే మొదటిసారి. సరే సార్ అన్నాను.

25 జనవరి, శుక్రవారం

గది 21. రాయడానికేమీ లేదు.

31 జనవరి, గురువారం

గది 21. నెలాఖరు బ్యాకప్. టేపు ఎనిమిది.

నెలాఖరు టేపులు మా దగ్గర మూడే ఉన్నాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది. డిసెంబర్ నెల ఏడులో ఉంది, జనవరి ఎనిమిదిలో ఎక్కింది. ఫిబ్రవరికి తొమ్మిది. మార్చి ఆఖరుకు మళ్లీ ఏడు, అప్పుడు డిసెంబర్ చెరిగిపోతుంది. పన్నెండు టేపులు కావాలని ఇండెంట్ పెట్టి రెండేళ్లయింది.

11 ఫిబ్రవరి, సోమవారం

గది 23. పొద్దున అరగంట కరెంటు లేదు.

బేస్‌మెంట్‌లో పైపు పగిలింది. నేతగాళ్లు నింపి ఇచ్చిన ఫారాలన్నీ అక్కడ గోనెసంచుల్లో ఉండేవి. తడిసి ముద్దయిపోయాయి. లారీలో ఎత్తి పంపేశారు. పోతే పోనీ, అన్నీ మిషన్‌లో ఉన్నాయి కదా అన్నారు సార్.

ఉన్నాయి అన్నాను.

28 ఫిబ్రవరి, గురువారం

గది 22. టేపు తొమ్మిది.

5 మార్చి, మంగళవారం

గది 22.

మధ్యాహ్నం సరోజమ్మ మిషన్ రూము తలుపు కొట్టింది. డేటా ఎంట్రీ ఆడపిల్లలకు పెద్దదిక్కు ఆమె. మూడు తరాలుగా నగర్తపేటలో ఉన్న తెలుగువాళ్లు. వెనక ఒక పొడుగాటి మనిషి, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఈ గదిలోకి చెప్పులతో రాకూడదని కింద ఎవరో చెప్పారట.

పేరు చిన్నమునియప్ప. ఆనేకల్. చీరలు నేస్తాడు. నెలనెలా నూలు డిపోలో కార్డు చూపించి నూలు తెచ్చుకుంటాడు. ఫిబ్రవరిలో వెళితే నీ కార్డు నకలి, లే అవతలికి అన్నారట. అందరి ముందర అన్నారప్పా, అన్నాడు. మా అన్నకు నేను నకలి అంట. ఒక కడుపున పుట్టినాము గానీ ఒకే మనిషి ఎట్లయితామప్పా?

ఫిబ్రవరి నుంచి మగ్గం ఖాళీ. బయట నూలు కొనలేడు. ఏప్రిల్ ఒకటిన వచ్చే కొత్త లిస్టే ఐదేళ్లకు లిస్టట. అందులో పేరు లేకపోతే మగ్గం విప్పి అమ్మేసి, ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా పోతాడట. మా నాయన తవ్విన మగ్గం గుంత, అన్నాడు. మగ్గం పోతే మన్ను పోసి పూడ్చాల.

మీ అన్న పేరేమిటి అని అడిగాను. పెద్దమునియప్ప అన్నాడు. వాళ్ల నాయన మునీశ్వరుడికి మొక్కుకుని, పుట్టిన ఇద్దరికీ ఆ పేరే పెట్టాడట.

ఏమి లింగన్నా, నీ మిషన్‌కు అన్నదమ్ములు లేరా, పాపం ఒంటిగా పుట్టిందా అని సరోజమ్మ నవ్వింది.

నేను స్క్రీన్ మీద వెతికాను. మునియప్ప ఉన్నాడు. ఒక్కడే ఉన్నాడు.

అదే రోజు, సాయంత్రం 6

నేనే తీసేశాను.

8 మార్చి, శుక్రవారం

గది 22.

చిన్నమునియప్ప మళ్లీ వచ్చాడు. ఈసారి అన్నను వెంటబెట్టుకొచ్చాడు. పెద్దాయన పొట్టిగా, సన్నగా ఉన్నాడు. తమ్ముడి భుజం దాకా రాడు. మధ్యగోడ తగాదాతో ఆరేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవట. ఒకే బస్సులో వచ్చారు, వేరువేరు సీట్లలో. ఇక్కడ కూడా ఒకరితో ఒకరు మాట్లాడలేదు. ఇద్దరూ సరోజమ్మతోనే మాట్లాడారు.

వీనితో నాకు మాటల్లేవమ్మా, అన్నాడు పెద్దాయన. అయినా వీడు నేను కాదు. అది చెప్పేకే వచ్చినా.

ఆమాత్రం చెప్పేకి ఆరేండ్లు ఎందుకు పట్టిందో అడుగక్కా, అన్నాడు తమ్ముడు.

ఆ మిషన్‌కు కండ్లు యాడుండాయో చూపించు, ఇద్దరమూ ముందర నిలబడతాము అన్నాడు పెద్దాయన. సరోజమ్మ పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పెద్ద తీసేస్తే మునియప్ప. చిన్న తీసేసినా మునియప్పే. తండ్రి ఒకటే, వీధి ఒకటే. దొడ్డను పెద్దగా మార్చమనాల్సింది. చిక్కను చిన్నగా మార్చమనాల్సింది. నేను రెండిటినీ కొట్టేశాను. మా నాయన కూడా పెద్దలింగప్పే. మా చిన్నాయన చిన్నలింగప్ప. ఊళ్లో ఎవరూ ఏనాడూ పొరపడలేదు.

11 మార్చి, సోమవారం

గది 22.

సార్‌కు చెప్పాను. పదకొండు వందల అరవై మూడులో ఎందరు నిజంగా ఒకే మనిషి, ఎందరు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అన్నది ఇప్పుడు తెలియదని చెప్పాను. మాటలు తుడిచేశాను. ఫారాలు లేవు.

సార్ అరవలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పైకి లెక్క పంపేశాను కదయ్యా, ఇప్పుడు ఏమని చెప్పేది అన్నారు. ఒకరిద్దరు వచ్చి అడిగితే వాళ్లకు చూద్దాం అన్నారు. మూడంతస్తులు ఎక్కి వచ్చి అడిగేవాళ్లు ఎందరుంటారు అని నేను అనలేదు.

14 మార్చి, గురువారం

గది 21. టేపు ఏడు ఉంది.

15 మార్చి, శుక్రవారం

గది 21.

డిసెంబర్ ఆఖరు నకలు ఏడులో ఉంది. అందులో పెద్ద, చిన్న అన్నీ ఉంటాయి. ఈ నెల ముప్పైన మార్చి బ్యాకప్ తీసేదాకా ఉంటాయి.

మెయిన్ మిషన్‌లో రెస్టోర్ చేస్తానని సార్‌ను అడిగాను. ఒప్పుకోలేదు. నడిచే మిషన్ మీద చెయ్యి వేయొద్దన్నారు. ఆయన చెప్పింది సరైనదే. స్టోర్ రూములో పాత సర్వర్ స్క్రాప్ లిస్టులో ఉంది, దాని మీద చేసుకుంటానన్నాను. స్క్రాప్ మీద నువ్వేం చేసినా నేను చూడలేదు అన్నారు.

17 మార్చి, ఆదివారం

పాత సర్వర్ దుమ్ము దులిపాను. దానికి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ మార్చాను. బూట్ అయింది. టేపు ఏడు పెట్టాను. సగం దాకా చదివి ఎర్రర్ ఇచ్చింది. మళ్లీ పెట్టాను. అక్కడే ఆగింది.

మూడోసారి పెట్టలేదు. తెగితే ఇక లేదు.

20 మార్చి, బుధవారం

గది 22.

చిన్నమునియప్ప సరోజమ్మ టేబుల్‌కు ఫోన్ చేశాడట. మగ్గం చూసుకోవడానికి బేరగాడు వచ్చిపోయాడట. ఏమని చెప్పమంటావు అని ఆమె అడిగింది. ఒకటో తారీఖు దాకా అమ్మొద్దని చెప్పమన్నాను. అట్ల చెప్పేకి నీ దగ్గర ఏముందప్పా అంది.

ఒక టేపు ఉందన్నాను.

24 మార్చి, ఆదివారం

పొద్దున 9.30. క్లీనింగ్ టేపు రెండుసార్లు తిప్పాను. డ్రైవ్ విప్పి, హెడ్‌ను స్పిరిట్‌తో తుడిచాను. ఏసీ పని చేసిన చేతులు ఇలాంటి వాటికి పనికొస్తాయి.

10.40. టేపు ఏడు పెట్టాను.

11.25. పోయినసారి ఆగిన చోటు. రెండు నిమిషాలు శబ్దం లేదు. తర్వాత మళ్లీ తిరిగింది.

1.15. అయిపోయింది. ఆనేకల్ తెరిచాను. పెద్దమునియప్ప. దొడ్డమునియప్ప. చిన్నమునియప్ప. మూడు పేర్లు, ఇద్దరు మనుషులు.

బయటికి వెళ్లి అన్నం తిన్నాను.

26 మార్చి, మంగళవారం

గది 21.

ఈసారి దొడ్డను పెద్దగా, చిక్కను చిన్నగా మార్చి పోల్చాను. నడిపికి కన్నడంలో ఏం రాస్తారని సరోజమ్మను అడిగాను. మన తెలుగోళ్లు నడిపి అనే రాయిస్తారు, దాన్ని ముట్టుకోవద్దు అంది. ముట్టుకోలేదు.

ఎనిమిది వందల డెబ్బై నాలుగు నిజంగా రెండో కార్డులు. రెండు వందల ఎనభై తొమ్మిది మంది వేరే మనుషులు. లిస్టు ప్రింట్ తీశాను. ప్రింటర్ గంటసేపు అరిచింది.

27 మార్చి, బుధవారం

గది 22.

సార్ లిస్టు మొత్తం చదివారు. వీళ్లను తిరిగి చేర్చడానికి నోట్ పెడతానన్నారు. నోట్‌లో కారణం అని ఒక గడి ఉంటుంది. ఎంట్రీ ఆపరేటర్లు పేర్లు సగమే కొట్టారని రాయి, పిల్లలు రోజుకూలీ వాళ్లు, వాళ్లను ఎవరూ ఏమీ చేయరు అన్నారు. నిన్ను కాపాడడానికే చెబుతున్నా, ఫైలు పైకి పోయే టైమిది అన్నారు.

ఆయన నా మంచికే అన్నారు. అది నాకు తెలుసు.

గడిలో ఇలా రాశాను: 19-1-2002న నేను నడిపిన క్వెరీ తప్పు. ఎంట్రీ సరిగానే ఉంది. కింద సంతకం పెట్టాను. ఏసీ మెకానిక్ అని రాసి కొట్టేసి, సిస్టమ్ సపోర్ట్ అని రాశాను.

28 మార్చి, గురువారం

గది 21.

సార్ నోట్ మీద సంతకం చేశారు. లిస్టు డిపోలకు వెళ్లింది. పర్మనెంట్ ఫైలులో మాత్రం నీ పేరు ఇక పెట్టలేనయ్యా అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

నోట్‌లో రాసింది సరోజమ్మకు ఎలా తెలిసిందో తెలిసింది. నీకేమన్నా పిచ్చా అప్పా, మా పిల్లోళ్లు నాలుగు తిట్లు తిని ఊరుకుంటా ఉండిరి, అని తిట్టింది. సాయంత్రం వెళ్లేటప్పుడు తన డబ్బాలోని చిత్రాన్నం నా టేబుల్ మీద పెట్టి పోయింది.

30 మార్చి, శనివారం

గది 21. మార్చి ఆఖరు బ్యాకప్.

ఈసారి వంతు ఏడుది. ఏడు పెట్టలేదు. ఎనిమిది పెట్టాను. ఏడు మీద చెరపొద్దు అని తెలుగులో రాశాను. నా తర్వాత వచ్చేవాడికి తెలుగు రాకపోవచ్చని, కింద అదే మాట అళిసబేడి అని కన్నడ అక్షరాల్లో రాశాను. దాని కింద ఇంగ్లీషులో కూడా రాశాను. చీటీ నిండిపోయింది.

2 ఏప్రిల్, మంగళవారం

గది 22.

ఏజెన్సీ నుంచి కాగితం వచ్చింది. నాలుగో తేదీ నుంచి మహదేవపురలో కడుతున్న కొత్త బిల్డింగ్‌కు రిపోర్ట్ చేయాలి. ఏసీ మెకానిక్‌గా. వాళ్ల కాగితాల్లో ఉన్న పనే.

3 ఏప్రిల్, బుధవారం

గది 21. తాళాలు, లాగ్‌బుక్ అప్పగించాను. కొత్తగా వచ్చినవాడికి టేపు ఏడు చూపించాను. ఇందులో ఏముంది అన్నాడు. అన్నదమ్ములు అన్నాను.

7 ఏప్రిల్, ఆదివారం

ఆనేకల్. చిన్నమునియప్ప ఇల్లు. గోడ అవతల ఒక మగ్గం, ఇవతల ఒక మగ్గం. రెండూ ఆడుతున్నాయి.

గది వేడిగా ఉంది. ఎన్ని డిగ్రీలో చూడలేదు.