డబ్బా ఖాళీగా ఇవ్వకూడదు

అత్లోన్,
13 డిసెంబర్ 2025, శనివారం.

పూజ్యులైన సిస్టర్ ఫిలోమినా గారికి,

మన కాన్వెంటు లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే అబిగేయిల్ వందనాలతో రాస్తున్నది. మీ మోకాలి నొప్పి తగ్గిందనీ, పుస్తకాలకు అట్టలు వేయని పిల్లలు మీ చేత చివాట్లు తింటూనే ఉన్నారనీ తలుస్తాను. నేనిక్కడ క్షేమం అని రాయాలి. రాయలేకపోతున్నాను. భయంగా ఉంది సిస్టర్.

నేను పనిచేసే బడి ఊరి చివర ఉంది. లైబ్రరీ చూసుకుంటూ ఆఫీసు పనులు కూడా చేస్తాను. లైబ్రరీలో నాలుగు పాత కంప్యూటర్లున్నాయి. వాన పడితే ఇంటర్నెట్ ఆగిపోతుంది. ఇక్కడ వాన పడని రోజు తక్కువ. సహస్ర అని రెండో తరగతి చదివే మన పిల్ల ఒకతి ఉంది. తెర మీద తిరిగే గుండ్రాన్ని చూస్తూ చేతులు కట్టుకుని కూర్చుంటుంది. పనిచేస్తోందా అని తెలుగులో అడిగితే, ఇట్స్ గ్రాండ్ మిస్ అంటుంది, బాగానే ఉందని ఇక్కడివాళ్ల మాటలో. పనిచేయదు.

బడులకూ లైబ్రరీలకూ మంచి ఇంటర్నెట్ తక్కువ ఖర్చులో అమరేలా ప్రభుత్వం సాయం చేసే పథకం ఒకటుంది. దానికి దరఖాస్తు పెట్టే పని ప్రిన్సిపాల్ నాకు అప్పగించారు. ఆవిడ పేరు నోరా గెరాటీ. ఇక్కడ ప్రిన్సిపాల్‌ని కూడా పేరు పెట్టి పిలవాలి. నాకు నోరు రాదు. మేడమ్ అంటే, నా నెత్తిన కిరీటమేమైనా కనిపిస్తోందా అని నవ్వుతారు.

దరఖాస్తుకు ముందు కంపెనీల నుంచి ధరలు తెప్పించుకుని, పోల్చి, మార్కులు వేయాలి. మార్కులు వేసేవాళ్లు ఆ కంపెనీల వాళ్ల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదు, వాళ్లకు ఏమీ ఇవ్వకూడదు. అలా జరగలేదని చివర సంతకం పెట్టాలి. ఆ మార్కులు వేయాల్సింది నేను.

సంతోషకుమారి ఆంటీ అని మా తెలుగు చర్చిలో ఒకావిడ ఉన్నారు. వృద్ధాశ్రమంలో నర్సు. ఈ దేశం వచ్చిన కొత్తలో నాకు గది దొరక్కపోతే తన ఇంట్లో పెట్టుకున్నారు. వాళ్లాయన ప్రసన్న కుమార్ అంకుల్ దుకాణాలకూ ఆఫీసులకూ ఇంటర్నెట్ కేబుళ్లు వేస్తారు. ఈ ఏడాది పనులు సరిగా లేవని ఆంటీ చర్చిలో ప్రార్థన కూడా చేయించారు.

పండక్కి ముందే చర్చిలో జరుపుకునే సెమీ క్రిస్మస్ రోజున ఆంటీ నా చేతిలో ఒక స్టీలు డబ్బా పెట్టారు. అరిసెలు. పుల్లలా అయిపోయావు, అన్నం తింటున్నావా పుస్తకాలు తింటున్నావా అని నలుగురిలో కేకలేశారు. అన్నీ నేనొక్కదాన్నే తినలేక బడికి పట్టుకెళ్లాను. టీచర్లు ఎగబడ్డారు. మేడమ్ రెండు తిని, మూడోది కాగితంలో చుట్టి వాళ్లాయనకు తీసుకెళ్లారు. డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదు గదా, ప్లమ్ కేకు పెట్టి ఇచ్చాను. ఆంటీ మాత్రం ఖాళీగా ఎలా ఉంచుకుంటారు? కజ్జికాయలు నింపి మళ్లీ నా చేతికే ఇచ్చారు. అదీ స్టాఫ్ రూముకే వెళ్లింది.

ఈ సోమవారం కంపెనీల ధరలు తెరిచాను. వాటిలో ఒకటి, నేను పేరు వినని కంపెనీది, మిగతా వాటికన్నా బాగుంది. ధర ఒక్కటే కాదు. లైబ్రరీ ఉత్తరపు గోడకు చెమ్మ పడుతుంది కాబట్టి కేబుల్ కిటికీ పైనుంచి తేవాలని వాళ్లొక్కరే రాశారు. సంతోషంగా మార్కులు వేశాను. ఆఖరి పేజీ తిప్పితే కింద ప్రసన్న కుమార్ అంకుల్ సంతకం ఉంది. నేను సెలవులో ఉన్న రోజు వచ్చి గోడలు చూసి వెళ్లారట. నాకు చెప్పలేదు. చెప్పకూడదనే చెప్పలేదేమో.

డబ్బా మూత మీద ఆంటీ పేరు చెక్కి ఉంది. పెళ్లికి వాళ్లమ్మ చెక్కించిన తెలుగు అక్షరాలు. అది స్టాఫ్ రూములో టీ కెటిల్ పక్కనే, అందరి కళ్లెదుటా ఉంది. మేడమ్ ఒకసారి ఆ అక్షరాల మీద వేలు నడిపి, ఎంత బాగుందో, ఇదేం పువ్వు అని అడిగారు. పువ్వు కాదు, పేరు అని చెప్పాలి. నవ్వి ఊరుకున్నాను. ఈ బడి మొత్తంలో ఆ పేరు చదవగలిగేది నేనొక్కదాన్నే. సహస్రకు తెలుగు వింటే అర్థమవుతుంది గాని చదవడం రాదు. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. అన్నిటికన్నా నాకు అదే భయం.

చెబితే అంకుల్ ధరను పక్కన పెట్టేస్తారు. చెప్పకపోతే అబద్ధానికి సంతకం పెట్టినట్టు. రేపెప్పుడో బయటపడితే బడికి వచ్చే సాయం ఆగుతుంది, నన్ను ఉద్యోగంలో ఉంచుతారో లేదో. మెట్ల మీద కొత్త అడుగుల చప్పుడైతే చాలు, ఎవరో తనిఖీకి వచ్చారనుకుంటున్నాను. అన్నం సయించడం లేదు.

నిశ్శబ్దం లైబ్రరీలోనే మంచిది, అన్నిచోట్లా కాదు అనేవారు మీరు. చెప్పాలా వద్దా అని మిమ్మల్ని అడగాలనిపించింది. దరఖాస్తు ఎల్లుండి సోమవారం వెళ్లాలి. మీ జవాబు అంతలోగా రాదని తెలుసు. ప్రార్థనలో నన్ను తలుచుకోండి.

మీ విద్యార్థిని,
అబిగేయిల్

తాజాకలం: సిస్టర్, పైన అంతా ఇంకా చెప్పనట్టే రాశాను. నిన్ననే చెప్పేశాను. రాస్తున్నంతసేపైనా చెప్పకముందు రోజుల్లో ఉండాలనిపించింది.

డబ్బా తీసుకెళ్లి మేడమ్ బల్ల మీద పెట్టి, ఇది పువ్వు కాదు, పేరు అన్నాను. ఎవరి పేరో కూడా చెప్పాను. ఆవిడ మూతకేసి చూసి, దేవుడా, మా ఆయనకు కూడా తీసుకెళ్లానే అన్నారు. కోప్పడలేదు. నా మార్కులు కొట్టేశారు. మిగిలిన కంపెనీల్లో ఒకదాన్ని బడి బోర్డు వాళ్లు ఎంచుతారట. తర్వాత నా ఎదుటే అంకుల్‌కి ఫోన్ చేశారు. అంకుల్ ఏమన్నారో నాకు వినబడలేదు. మేడమ్ మాత్రం సారీ, సారీ అంటూనే ఉన్నారు.

కాబట్టి నా భయం తనిఖీ గురించి కాదు. ఈ దేశంలో నన్ను బుజ్జమ్మా అని పిలిచే గుమ్మం ఒక్కటే ఉంది, ఆంటీ వాళ్లది. డబ్బా కడిగి గదికి తెచ్చుకున్నాను. అందులో ఏం పెట్టి ఇవ్వను? ఏం పెట్టినా, ఆయన పోగొట్టుకున్న పనికి బదులిస్తున్నట్టు ఉంటుంది.

ఇప్పుడే బెల్ మోగింది. కిటికీలోంచి చూస్తే కింద వానలో ఆంటీ. గొడుగు లేదు. అంకుల్ కారులోనే ఉన్నారు, దిగలేదు. ఆంటీ తల పైకెత్తి, నా డబ్బా నాకిస్తావా లేదా అని కేకేశారు. అది కోపమో కాదో ఇక్కణ్ణుంచి తెలియడం లేదు. కొంగు కింద వాన తగలకుండా ఇంకో డబ్బా పట్టుకుని ఉన్నారు.

ఖాళీ డబ్బాతోనే కిందికి వెళ్తున్నాను.