ఎర్రయ్య బావ ఎడమ చెయ్యి

మంగళవారం, బారువ

నన్ను నేనే తిట్టుకుంటున్నాను: నువ్వు ఉత్త వాగుడుకాయవి. చూస్తూ నిలబడ్డావు.

తెల్లరక్తకణం ఇరుకుల్లో దూరేటప్పుడు తనమీద పడే ఒత్తిడిని పసిగట్టి దారి ఎంచుకుంటుందని ఒడ్డున ఎర్రయ్య బావకి చెబుతున్నాను. "కణానికే తెలుత్తాదేటి! నీ ఉపన్యాసం నా సెవుల్ని ఎంత నొక్కుతాదో నీకే తెలీదు బావా," అని నవ్వాడు.

ఇంతలో పడవొచ్చింది. పడవని ఇసకమీదికి లాగడానికి ఒడ్డునున్నవాడు తాడు పట్టకపోతే ఇక్కడ తప్పు. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి ఆపరేషన్ చేసిన ఎడమ చేత్తోనే బావ లాగాడు. లాగకూడదని నాకు తెలుసు. నేను నా వాక్యం పూర్తి చేసుకుంటున్నాను.

సాయంత్రానికి ఆ చేతిలో రక్తం జుమ్మనే అదురు ఆగిపోయింది; అది ఉంటేనే ఆ చేతినుంచి డయాలసిస్ చెయ్యగలరు. తడిమి చూశాను. ఏమీ తగల్లేదు.

ఎవరిని అడగాలో తెలీదు. అయినా అడుగుతున్నాను:

పొద్దున్నే పలాసలో డాక్టరు చూడాలి.
ఒడ్డున పడవలు లాగే యంత్రం పెట్టాలి.
తాడు పట్టని రోగిని ఎవరూ తప్పుపట్టకూడదు.
ఆ చెయ్యి మళ్ళీ అదరాలి.