పసుపు కింద పగులు

తమ్ముడు సుక్రుకి,

నీ మేనకోడలు కనక బతికే ఉంది. కుడి చెయ్యి విరిగితే ఆసుపత్రిలో కట్టు కట్టారు. నువ్వు విశాఖలో పాతది కొని పంపిన గేర్ల సైకిల్ మీద నిన్న కాలేజీకి ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు నొక్కింది. అంతే, హ్యాండిల్ కింద ఫ్రేము రెండు ముక్కలైంది.

పగులు ముందే ఉందట. అమ్మినవాడు దాని మీద దట్టంగా పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి నీకు అంటగట్టాడు. పైగా నువ్వు ఫోన్లో నాకు చెప్పావు: "పూజ సేసిన సైకిలక్కా, పసుపు సెరపకూడదు." ఒక్కసారి తడిగుడ్డతో తుడిచి చూస్తే నీ చేతులు పడిపోయేవా? బీచ్ రోడ్డు మీద తొక్కి చూశావట. అక్కడ దిగుడెక్కడుందిరా?

మంచం మీంచి ఆ పిల్లగుంట ఏమంటోందో తెలుసా? "మావని తిట్టకే అమ్మా, మావకేటి తెలుస్తాది?" దానికున్న జాలి నాకు లేదు.

ఆదివారం రా. ఆ ఫ్రేముకి వెల్డింగ్ చేయించి ఉంచుతాను. పసుపు నేనే పూస్తాను, చక్రం కింద నిమ్మకాయ నేనే పెడతాను. కనక దిగిన దిగుడు నువ్వు దిగు.

అక్క