కుట్టుగదిలో యాసిడ్ బకెట్

ఏమండీ,

లేవగానే కుట్టుగది కిటికీలు బార్లా తెరవండి. ఆ యాసిడ్ బకెట్‌ని మేడమీదికి చేర్చండి, చేతులకి తొడుగులు వేసుకుని మరీ. అందులోని పచ్చనీళ్లు సింకులో పొయ్యకండి. మొన్న పోసిన నీళ్లే సింకు ఇనపజాలీని తినేశాయి.

గాలి బాగా ఆడుతుందని దాన్ని నా గదిలో పెట్టడానికి మీకు మనసెలా ఒప్పింది? వారం తిరక్కుండానే ఆ ఆవిరికి మిషను సూదులన్నీ తుప్పు పట్టాయి. చూసుకోకుండా కుట్టాను, డాక్టరమ్మ తెల్లకోటు నిండా తుప్పు మరకలు. ఆవిడకేం చెప్పుకోను? మా ఆయన పాత కంప్యూటర్లు ఊరబెట్టి బంగారం తీస్తున్నాడనా? ఆవిడ వచ్చేలోపు విప్పి మళ్లీ కుట్టాలి. కొత్త సూదులకి, తెల్లగుడ్డకి బజారుకెళ్తున్నాను.

మీ సీసాలో బంగారం చూశాను. కళ్లజోడు పెట్టుకుని వెతికితే కనబడింది. మూడు బస్తాల కంప్యూటర్ బోర్డులు విరగ్గొట్టింది ఇందుకా?

అన్నం మూతపెట్టి ఉంచాను. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాకే తినండి. ఆ దగ్గు తగ్గకపోతే సాయంత్రం ఆసుపత్రికి వెళ్దాం, మాట్లాడకుండా రండి.

ఇంకోమాట. తీసిన బంగారంతో నాకు ముక్కుపుడక చేయిస్తానన్నారు. ఈ ఘాటుకి, పుడక తయారయ్యేసరికి నాకు ముక్కు మిగిలేలా లేదు.